కొలతలిచ్చి చేయించుకునే బాస్

బాస్ గిటార్ చేయించుకోవాలని బయలుదేరినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ కొయ్యతో చేస్తారు? యాష్ మంచిదా, మహాగనీ మంచిదా, పైన వాల్‌నట్ పలక అతికితే శబ్దం మారుతుందా? చేసేవాళ్లకీ ఆ ప్రశ్నంటే ఇష్టమే. కొయ్య కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది, ఫొటోలో అందంగా పడుతుంది. కానీ ఈ వాయిద్యం నడిచి వచ్చిన డెబ్భై ఏళ్ల పైచిలుకు దారిని, ఈమధ్య జరిగిన కొలతలను, వాయించేవాళ్ల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే కొయ్య పేరు జాబితాలో బాగా కిందికి దిగుతుంది. ముందు తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి: తీగ పొడుగెంత, నెక్ ఎంత గట్టిది, ఒంటి మీద వాయిద్యం ఎలా నిలుస్తుంది, పికప్ ఎక్కడ కూర్చుంటుంది. గుడ్డ ఎంత ఖరీదైనదైనా కొలతలు తప్పితే చొక్కా ఒంటికి పట్టదు. బాస్ విషయంలోనూ అంతే.

తెలుగువాళ్ల చెవికి ఈ శబ్దం కొత్తది కాదు. ఇళయరాజా పాటల్లో గొంతు కింద ఇంకో పాటలా నడిచే మంద్రస్వరాన్ని వింటూ పెరిగిన తరం మనది. పేరు తెలియని వాళ్లు కూడా చిన్న ఫోను స్పీకరులో ఆ పాట విని ఏదో తగ్గిందంటారు. తగ్గింది బాసే. నాలుగు తీగల బాస్‌లో అన్నిటికన్నా లావు తీగ ఇ, సెకనుకు 41.2 సార్లు కంపిస్తుంది. తరవాత ఏ 55, డి 73.4, జి 98. ఐదో తీగ పెడితే కింద బి వస్తుంది, అది 30.9. మామూలు గిటార్‌లోని కింది నాలుగు తీగలకి ఇవి ఒక స్థాయి దిగువ. అంత తక్కువ కంపనాన్ని, భుజాన వేసుకోగలిగిన ఒక చెక్కలో స్పష్టంగా పలికించడమే ఇక్కడున్న అసలు సమస్య. వేరే నిర్ణయాలన్నీ దాని వెనకే వస్తాయి.

1930ల మధ్యలో సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన ఆడియోవాక్స్ పేరుతో మెట్లున్న, అడ్డంగా పట్టుకుని వాయించే ఎలక్ట్రిక్ బాస్ చేశాడు. తీగ పొడుగు 30 అంగుళాల పైచిలుకు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నుంచి లియో ఫెండర్ ప్రెసిషన్ బాస్ తెచ్చాడు. అప్పటికి బ్యాండ్లో బాస్ అంటే మనిషి ఎత్తు దాటే డబుల్ బాస్. మోయాలంటే కష్టం, డ్రమ్ముల పక్కన వినిపించాలంటే కష్టం. మెట్లు లేవు కనుక శృతి తప్పకుండా వాయించడానికి ఏళ్ల సాధన కావాలి. మెట్లు వేస్తే స్వరం కచ్చితంగా పలుకుతుంది. ప్రెసిషన్ అన్న పేరు అక్కడినుంచే వచ్చింది. లియో రేడియోలు బాగుచేస్తూ పైకొచ్చిన మనిషి, గిటార్ వాయించడం రాదు. తీగ పొడుగు ఆయన 34 అంగుళాల దగ్గర ఆపాడు, అంటే 863.6 మిల్లీమీటర్లు. ఇవాళ్టికీ ప్రపంచంలో ఎక్కువ బాస్‌లు ఆ కొలతతోనే తయారవుతున్నాయి.

ఈ అంకెకి ఎందుకంత విలువ? ఒకే తీగని, ఒకే స్వరానికి, ఎక్కువ పొడుగు మీద బిగిస్తే బిగువు పొడుగు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 30 అంగుళాల మీదున్న తీగని 34కి తెస్తే బిగువు 28 శాతం పెరుగుతుంది. బిగువున్న తీగ మీటగానే తేరుకుంటుంది, స్వరం మొదలు తేటగా వినిపిస్తుంది. వదులు తీగ గుండ్రంగా, మెత్తగా, కొంచెం మబ్బుగా పలుకుతుంది. ఇందులో తప్పొప్పులు లేవు. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హోఫ్నర్ వయొలిన్ బాస్ పొట్టి తీగల వాయిద్యమే. బీటిల్స్ పాటల్లోని ఆ మెత్తటి ఉబ్బులో పొట్టి తీగకి కూడా వాటా ఉంది.

చేతి లెక్క కూడా ఉంది. 34 అంగుళాల బాస్‌లో ఒకటో మెట్టు నుంచి నాలుగో మెట్టుకి దాదాపు 130 మిల్లీమీటర్లు. 30 అంగుళాల దాంట్లో 114. వేళ్లు పొట్టిగా ఉన్నవాళ్లకి ఆ పదిహేను, పదహారు మిల్లీమీటర్లు మణికట్టు నొప్పికీ హాయిగా వాయించడానికీ మధ్య తేడా. పొట్టి బాస్ పిల్లల కోసం, నేర్చుకునేవాళ్ల కోసం అన్న మాట దుకాణాల్లో తరచూ వినిపిస్తుంది. అది తప్పు. చేయించుకునే మనిషికి తన చేయి ఎంత చాస్తే ఎక్కడ నొప్పి మొదలవుతుందో తెలిసి ఉండాలి, తయారీదారు మొదట అడగవలసింది కూడా అదే.

చిక్కంతా కిందికి వెళ్లినకొద్దీ వస్తుంది. ఆంథొనీ జాక్సన్ అనే స్టూడియో వాయిద్యకారుడికి ఇ తీగ కన్నా కింది స్వరాలు కావలసి వచ్చాయి. పైనా కిందా ఒక్కో తీగ చేర్చి ఆరు తీగల బాస్‌ని ఊహించాడు. 1975లో న్యూయార్క్ తయారీదారు కార్ల్ థామ్సన్ మొదటిది చేసిచ్చాడు. జాక్సన్ అక్కడ ఆగలేదు. ఏళ్ల తరబడి కొలతలు మారుస్తూ, తీగల మధ్య ఎడం పెంచుతూ, చివరికి బ్రూక్లిన్‌లోని ఫొడెరా పనివాళ్లతో 36 అంగుళాల తీగ పొడుగు దగ్గర కుదురుకున్నాడు. ఒక మనిషి చెవి అడిగిన ప్రశ్నకి ఇద్దరు ముగ్గురు తయారీదారులు ఏళ్ల తరబడి జవాబు వెతికిన ఉదంతం ఇది. ప్రత్యేకంగా చేయించుకోవడం అన్న మాటకి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఈ వాయిద్యం చరిత్రలో దొరకదు.

కింది తీగకి పొడుగు కావాలి, పై తీగకి అక్కర్లేదు. పైగా పై తీగని మరీ పొడుగ్గా సాగదీస్తే గీచినట్టు పలుకుతుంది. పియానో మూత తీసి చూస్తే ఈ సంగతి కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది: మంద్రం వైపు తీగలు పొడుగు, తారం వైపు పొట్టి. గిటార్ మీద అదే పని చేయడానికి అమెరికాలో రాల్ఫ్ నోవాక్ 1980ల చివర్లో మెట్లని విసనకర్ర పుల్లల్లా ఏటవాలుగా పరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కెనడాలోని సాస్కటూన్‌లో షెల్డన్ డింగ్‌వాల్ దాన్ని బాస్‌కి తెచ్చాడు. ఆయన ఐదు తీగల బాస్‌లో బి తీగ 37 అంగుళాలు, జి తీగ 34. లెక్క చూస్తే 34 నుంచి 37కి వెళ్లినప్పుడు బిగువు 18 శాతం పెరుగుతుంది. నాలుగు తీగలే చాలనుకునేవాళ్లకి ఇదంతా అక్కర్లేదు. ఐదో తీగ నిజంగా కావాలనుకునేవాళ్లు మాత్రం 34 అంగుళాల నెక్‌కే ఇంకో తీగ తగిలించి సరిపెట్టుకోకూడదు. కనీసం 35 అడగాలి, లేదా ఏటవాలు మెట్లు ఒకసారి వాయించి చూడాలి. చూడ్డానికి వింతగా ఉంటాయి కానీ, చేతికి త్వరగానే అలవాటవుతాయి.

తీగ పొడుగు తేలాక నెక్. డబ్బు, సమయం, మంచి కొయ్య, అన్నీ పోయవలసింది ఇక్కడే.

నాలుగు తీగలు కలిసి నెక్‌ని లాగే బలం మామూలు తీగల సెట్‌తో 75 నుంచి 80 కిలోల దాకా ఉంటుంది. ఎదిగిన మనిషి ఒకడు రాత్రింబవళ్లు దానికి వేలాడుతున్నట్టు. దాన్ని మోసే కొయ్య మందం మొదటి మెట్టు దగ్గర రెండు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. అందుకే లోపల ఉక్కు కడ్డీ పెడతారు. 1920లలో గిబ్సన్ కంపెనీలో థాడియస్ మెక్‌హ్యూ రూపొందించిన ట్రస్ రాడ్ అది. మర తిప్పితే తీగల లాగుడుకి ఎదురు బలం పుడుతుంది. ఇప్పుడు దొరికే రెండు వైపులా పనిచేసే రాడ్లు నెక్ ముందుకి వంగినా వెనక్కి వంగినా సరిదిద్దుతాయి. అయితే రాడ్ వంపుని దిద్దగలదు కానీ మెలికని దిద్దలేదు. మెలిక తిరగకుండా చూడాలంటే కొయ్యని ఎంచే దగ్గరే జాగ్రత్తపడాలి.

మేపుల్ పలక కొసని చూస్తే చెట్టు వయసు రేఖలు కనిపిస్తాయి. అవి మెట్లపలకకి నిలువుగా ఉండేలా కోసిన ముక్క గట్టిగా నిలుస్తుంది, అడ్డంగా ఉన్నది వాతావరణం మారినప్పుడల్లా కదులుతుంది. నిలువు కోత ముక్క దొరకనప్పుడు మూడు లేదా ఐదు పట్టీలు కోసి, రేఖల దిశ ఒకదానికొకటి ఎదురయ్యేలా అతికిస్తారు. ఒకటి కుడికి మెలిక తిరగబోతే పక్కది ఎడమకి లాగి పట్టుకుంటుంది. పక్కనే రెండు సన్నటి కార్బన్ ఫైబర్ కడ్డీలు దింపితే ఇంకా నయం. వీటికయ్యే ఖర్చు పైన అతికే అందాల పలక ఖర్చుకన్నా తక్కువే. పూర్తిగా కార్బన్ ఫైబర్‌తోనే నెక్ చేయవచ్చన్న ఆలోచన జెఫ్ గూల్డ్‌ది. ఉపగ్రహాలు తయారుచేసే ఫోర్డ్ ఏరోస్పేస్‌లో ఇంజనీరాయన. 1970ల చివర్లో అక్కడి పదార్థాన్ని బాస్ నెక్‌కి తెచ్చి మాడ్యులస్ కంపెనీ పెట్టాడు.

మన తీరప్రాంతంలో ఉండేవాళ్లు ఈ సంగతి ఇంకొంచెం గట్టిగా పట్టించుకోవాలి. వాయిద్యాలకి వాడే కొయ్యలో తేమ 6 నుంచి 8 శాతం ఉండేలా ఆరబెడతారు. విశాఖ, కాకినాడ గాలిలో కొయ్య అంతకన్నా చాలా ఎక్కువ తేమ పీల్చుకుంటుంది. ఏసీ గదిలో పనిచేసి, సముద్రపు గాలిలో వాయిస్తే నెక్ కదలక తప్పదు. ఎంత ఆరిన కొయ్య వాడతారన్న ప్రశ్నతో పాటు, కోశాక ఎన్ని వారాలు పక్కన పెట్టి మళ్లీ చిత్రిక పడతారన్నదీ అడగాలి. మంచి పనివాడు నెక్‌ని ఒకేసారి ముగించడు. కొంచెం లావుగా కోసి వదిలేస్తాడు. అది కదిలినంత కదిలాక మళ్లీ చదును చేస్తాడు.

నెక్ బలహీనమైతే వచ్చే జబ్బు ఒకటుంది. బాస్ వాయించే ప్రతివాళ్లకీ అది తెలుసు, పేరే డెడ్ స్పాట్. ఫెండర్ తరహా బాస్‌లలో జి తీగ మీద ఐదు, ఆరు, ఏడు మెట్ల దగ్గర ఏదో ఒకచోట మీటిన స్వరం నిలవకుండా చటుక్కున పడిపోతుంది. పక్క మెట్టు మీద అదే తీగ హాయిగా మోగుతుంటుంది. జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్, టిల్మన్ జ్విక్కర్ 1990ల చివర్లో దీన్ని కొలిచి చూపించారు. నెక్‌కి తన సొంత కంపనం ఉంటుంది. తీగ స్వరం దానితో కలిసిన చోట తీగలోని శక్తిని నెక్ తాగేస్తుంది. నెక్ చివరి తలకి, అంటే హెడ్‌స్టాక్‌కి, ఒక చిన్న బిగింపు తగిలించి బరువు పెంచితే ఆ చచ్చిన స్వరం ఇంకో మెట్టుకి జరుగుతుంది, దుకాణంలో ఎవరైనా చేసి చూడగల పరీక్ష ఇది. నెక్ గట్టిపడితే, తల మీది శృతి మరల బరువు తగ్గితే నెక్ సొంత కంపనం పైకి జరిగి, రోజూ వాయించే స్వరాల నుంచి తప్పుకునే వీలుంటుంది. కొయ్య శబ్దం గురించి నిజంగా మాట్లాడవలసిన చోటు ఇదే.

నెక్‌ని బాడీకి ఎలా కలపాలన్నది ఇంకో పాత తగవు. ఫెండర్ నాలుగు మరలతో బిగించాడు. పాడైతే విప్పి మార్చుకోవచ్చన్నది ఆయన ఆలోచన. రికెన్‌బ్యాకర్ 1957లో తెచ్చిన 4000 బాస్‌లో నెక్ కొయ్యే బాడీ మధ్యనుంచి తోక దాకా సాగిపోతుంది, రెండు వైపులా రెక్కలు అతికిస్తారు. కాలిఫోర్నియాలో 1969లో మొదలైన అలెంబిక్ ఈ పద్ధతిని నగల పని స్థాయికి తీసుకెళ్లింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి ఏకాండ వీణ చేసేవాళ్ల పని చూసినవాళ్లకి ఈ మోజు వెంటనే అర్థమవుతుంది. అతుకు లేని చోట నాదం చెదరదన్న నమ్మకం అక్కడా ఇక్కడా ఒకటే. బోలు కుండతో మోగే వీణ సంగతి వేరు. గట్టి చెక్క బాస్ విషయంలో మాత్రం ఆ నమ్మకానికి ఆధారం దొరకలేదు. ఆర్. ఎం. మొట్టోలా అనే తయారీదారు 2007లో ఒకే వాయిద్యాన్ని ముందు నెక్ సాగిన పద్ధతిలో చేసి, కోసి అతికించి, తరవాత మరలతో బిగించి, మూడుసార్లూ స్వరం ఎంతసేపు నిలుస్తుందో కొలిచాడు. మరల పద్ధతి ఎక్కడా వెనకబడలేదు, విన్నవాళ్లు తేడా పట్టలేకపోయారు. సాగిన నెక్ వల్ల పై మెట్లకి చేయి సులువుగా వెళ్తుంది, చూడ్డానికి అందంగా ఉంటుంది. ఆ రెండిటి కోసం కోరుకుంటే సరే. శబ్దం కోసం మాత్రం కాదు. మన వాతావరణంలో, నెక్ మార్చవలసిన రోజు వస్తుందని అనుకుంటే, మరలే మేలు.

ఒంటి మీద నిలవడం గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. కానీ మూడు గంటల కచేరీ తరవాత గుర్తుండేది అదే. బాస్ నెక్ పొడుగు, చివర నాలుగు బరువైన శృతి మరలు. పట్టీ తగిలించి చేతులు వదిలేస్తే చాలా బాస్‌ల తల నేలవైపు వాలుతుంది. అప్పుడు ఎడమచేయి స్వరం నొక్కే పనితో పాటు బరువు మోసే కూలి పని కూడా చేయాలి. ఈ సంగతిని ఎక్కువగా పట్టించుకున్నవాడు నెడ్ స్టైన్‌బర్గర్. సంగీతం మనిషి కాదు, కుర్చీలూ బల్లలూ చేసే డిజైనర్. బ్రూక్లిన్‌లో స్టువర్ట్ స్పెక్టర్‌తో కలిసి ఒకే వర్క్‌షాపులో పనిచేసేవాడు. స్పెక్టర్ కోసం ఆయన 1977లో గీసిన బాడీ వెనక భాగం లోపలికి వంగి పొట్టని ఆనుకుంటుంది. ఆ వంపు ఇవాళ ఎన్ని కంపెనీల బాస్‌లలో ఉందో చెప్పలేం. ఆ తరవాత ఆయన తలనే తీసేశాడు. శృతి మరలన్నీ, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గరికి తెచ్చి, కార్బన్ ఫైబర్‌తో చిన్న తెడ్డులాంటి బాస్ చేశాడు.

తల తీసేయడం అందరికీ నచ్చదు. అక్కర్లేదు కూడా. పట్టీ తగిలించే పై కొమ్ము పన్నెండో మెట్టు దాకా వస్తే సగం సమస్య తీరుతుంది, తేలిక మరలు వేస్తే ఇంకో పావు. కొయ్య కోయకముందే దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది, అది అడిగే తయారీదారు దొరికితే ఆయన్ని వదలకూడదు. బాడీ ఆకారాన్ని ప్లైవుడ్‌లో కోస్తారు. పాత నెక్ ఒకటి బిగిస్తారు, బ్రిడ్జ్ ఉండే చోట అంత బరువు ఇనుప ముక్క కడతారు. పట్టీ తగిలించి వాయించేవాడి భుజాన వేస్తారు. అద్దం ముందు నిలబెట్టి, కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని ఐదో మెట్టు పట్టుకోమంటారు. చేయి ఎక్కడికి వెళ్తుందో చూసి కొమ్ముని ఒక సెంటీమీటరు అటు, బ్రిడ్జ్‌ని ఒక సెంటీమీటరు ఇటు జరుపుతారు. పెన్సిలు గీతలు పది చెరిగాక పదకొండోది నిలుస్తుంది. నాలుగు కిలోల లోపు బాస్ భుజానికి హాయి, నాలుగున్నర దాటితే నడుముకి తెలుస్తుంది.

ఇక పికప్. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగితీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఏ కంపెనీ పికప్ అన్నదాని మీద గంటలు వాదించుకుంటారు కానీ, అది తీగ కింద ఎక్కడ కూర్చుందన్నది అంతకన్నా పెద్ద సంగతి. నెక్ దగ్గరికి జరిగితే గుండ్రటి స్వరం, బ్రిడ్జ్ దగ్గరికి జరిగితే గట్టిగా, ముక్కుతో పలికినట్టు. జాజ్ బాస్ చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1960లో వచ్చిన ఆ బాస్‌లో వెనక పికప్‌ని ఫెండర్ కంపెనీ 1970ల మొదట్లో బ్రిడ్జ్ వైపు దాదాపు 10 మిల్లీమీటర్లు జరిపింది. జాకో పాస్టోరియస్ 1962 బాస్‌లో వినిపించే మూలుగుకీ, మార్కస్ మిల్లర్ 1977 బాస్‌లో వినిపించే చురుకుకీ ఉన్న తేడాలో ఆ సెంటీమీటరుకి వాటా ఉంది. చేయించుకునేవాళ్లు పికప్ పేరు చెప్పి ఊరుకోకూడదు. తమకి ఇష్టమైన బాస్ మీద బ్రిడ్జ్ నుంచి పికప్ నడుమ దాకా టేపు పెట్టి కొలిచి, ఆ అంకె ఇవ్వాలి.

హోరు గురించి మన దేశంలో వాయించేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పవలసిందొకటి ఉంది. ఒకే చుట్ట ఉన్న పికప్ గదిలోని కరెంటు హోరుని కూడా పట్టుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్. ఇ తీగ మీద మూడో మెట్టు, జి స్వరం, 49 హెర్ట్‌జ్. అంటే కల్యాణమండపంలోని వైరింగు చేసే హోరు సరిగ్గా బాస్ పలికే ఇంటి పక్కనే కాపురముంటుంది. ఈక్వలైజరుతో దాన్ని కోసేస్తే స్వరాన్నీ కోసినట్టే. అమెరికాలో 60 హెర్ట్‌జ్ కనుక అక్కడి హోరు వేరే స్వరం దగ్గర పడుతుంది. ఫెండర్ 1957లో ప్రెసిషన్ పికప్‌ని రెండు ముక్కలు చేసి, ఎదురెదురుగా చుట్టి, హోరు దానంతటదే రద్దయ్యేలా చేశాడు. జాజ్ బాస్‌లో రెండు పికప్‌లూ పూర్తిగా తెరిస్తేనే హోరు పోతుంది, ఒకటి తగ్గించగానే తిరిగి వస్తుంది. ఇక్కడ వాయించే బాస్‌కి హోరు రద్దు చేసే పికప్‌లు, లోపలి గూళ్లన్నిటికీ రాగిరేకు తొడుగు మొదటి నుంచే రాసుకోవాలి. తరవాత చూద్దామంటే గూడు తవ్విన కొలతలు సరిపోవు.

లోపల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ పెట్టాలా వద్దా అన్నది రుచి మీద ఆధారపడే విషయం. అలెంబిక్ దీన్ని ఖరీదైన వాయిద్యాల్లో మొదలుపెడితే, 1976లో మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే మామూలు వాయిద్యకారుడి చేతికి తెచ్చింది. పెట్టుకునేవాళ్లు బ్యాటరీ అయిపోయినా శబ్దం ఆగకుండా ఉండే స్విచ్ ఒకటి అడిగితే చాలు.

ఇప్పుడు కొయ్య. మామూలు గిటార్ వెనక పలక కొయ్య మీద ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ఒక పరీక్ష ప్రచురించారు. వెనక కొయ్య తప్ప అన్నీ ఒకేలా ఉన్న ఆరు గిటార్లు చేయించి, 52 మంది గిటారిస్టులని గిటార్ కంటికి కనబడకుండా చేసి వాయించమన్నారు. ఖరీదైన కొయ్యకీ చవక కొయ్యకీ వాళ్లు చెప్పగలిగిన తేడా దాదాపు లేదు. గాలి పెట్టెతో మోగే గిటార్‌లోనే ఇలా ఉంటే, అయస్కాంతం తీగ కదలికని నేరుగా పట్టుకునే గట్టి చెక్క బాస్‌లో ఎంత ఉంటుంది? నాష్‌విల్‌లో జిమ్ లిల్ అనే గిటారిస్టు రెండు బల్లల మధ్య తీగలు కట్టి, బాడీ అనేదే లేకుండా వాయించి రికార్డు చేశాడు. అసలు గిటార్‌తో పక్కపక్కన వింటే పోల్చుకోవడం కష్టం. ఇది ప్రయోగశాల పని కాదు. అయినా చెవికి ఇచ్చే సాక్ష్యం బలంగానే ఉంది. కొయ్యకి ప్రభావమే లేదనడం కూడా అతి. నెక్ గట్టితనం ద్వారా, మొత్తం బరువు ద్వారా అది పనిచేస్తుంది. బాడీ కొయ్య పేరు వల్ల మాత్రం కాదు. మోటౌన్ పాటలకి ప్రాణమైన జేమ్స్ జేమర్సన్ వాయించింది మామూలు 1962 ప్రెసిషన్ బాస్. దాని మీద నున్నటి చుట్టు తీగలు ఏళ్ల తరబడి మార్చకుండా ఉంచాడు. ఒక సెట్ తీగల ఖర్చుతో వచ్చే మార్పు కొయ్య మారిస్తే రాదు.

ఈ మాట ఒప్పుకుంటే చాలా భారం దిగిపోతుంది. ఎందుకంటే పాత కొయ్యలు దొరకడం లేదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల వరద నేలల్లో పెరిగే తేలికపాటి యాష్‌ని ఒకవైపు వరదలు, మరోవైపు బోరర్ పురుగు దెబ్బతీయడంతో 2020లో ఫెండర్ కంపెనీయే దాని వాడకం బాగా తగ్గించింది. మెట్లపలకకి ప్రపంచమంతా వాడే ఇండియన్ రోజ్‌వుడ్ మన జిట్రేగే. 2017లో ఆ జాతి మొత్తాన్ని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి తెచ్చారు, తయారైన వాయిద్యాలకి 2019 చివర్లో సడలింపు వచ్చింది. ఇక్కడ చేయించుకునేవాళ్లకి తోటల్లో పెంచిన మహాగనీ, పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దొరికే చేవదేరిన టేకు అందుబాటులో ఉన్నాయి. టేకు బరువెక్కువ, పైగా నూనె కొయ్య. అతికే ముందు అసిటోన్‌తో తుడవకపోతే జిగురు పట్టదు. బాడీలో గూళ్లు తొలిచి బరువు తగ్గిస్తే చక్కగా పనికొస్తుంది.

మెట్లు వద్దనుకునే వాళ్ల కోసం ఒక మాట. జాకో తన జాజ్ బాస్ మెట్లు పీకిన నెక్ మీద పడవలకి వాడే ఎపాక్సీ పూశాడు. గరుకు చుట్టు తీగలు మెత్తటి రోజ్‌వుడ్‌ని రంపంలా కోసేస్తాయి కనుక. మెట్లు లేని బాస్ అడిగేవాళ్లు గట్టి పలకో, ఎపాక్సీ పూతో మొదటే అడగాలి.

మెట్లుంటే పని అక్కడే తేలుతుంది. వీణ మెట్లని మైనం మీద కూర్చోబెట్టి, చెవితో వింటూ జరిపి సరిచేసుకోవచ్చు. బాస్ మెట్టు అలా జరగదు. అర మిల్లీమీటరు పైచిలుకు వెడల్పున్న గాడిలో దిగగొడితే అక్కడే ఉండిపోతుంది. అందుకే లెక్క ముందే తప్పకుండా ఉండాలి. మిగిలిన తీగ పొడుగుని 17.817తో భాగిస్తే తరవాతి మెట్టు దూరం వస్తుంది. 34 అంగుళాలకి మొదటి మెట్టు, తల దగ్గర తీగలు ఆనే నట్ నుంచి 48.47 మిల్లీమీటర్లు, పన్నెండోది సరిగ్గా సగం, 431.8. కొలిచేటప్పుడు ప్రతి మెట్టునీ నట్ నుంచే కొలవాలి. ముందు మెట్టు నుంచి కొలుస్తూ పోతే వెంట్రుకవాసి తప్పులు పోగై ఇరవయ్యో మెట్టు దగ్గర అపశృతిగా తేలతాయి. అక్కడ మెట్టుకీ మెట్టుకీ దూరం 16 మిల్లీమీటర్లే. అర మిల్లీమీటరు పొరపాటు మొదటి మెట్టు దగ్గర చేసే అపశృతికి అక్కడ మూడింతలు చేస్తుంది.

మెట్లు దిగాక అసలు ఓపిక మొదలవుతుంది. నెక్‌ని చదునుగా పట్టి, ప్రతి మెట్టు నెత్తి మీద నల్ల మార్కరు గీస్తారు. తప్పు లేని పొడవాటి ఇనుప బద్దకి ఉప్పుకాగితం అంటించి, బరువు వేయకుండా పైనుంచి కిందికి తోస్తారు. ఎత్తుగా ఉన్న మెట్ల నలుపు చెరిగి వెండిలా మెరుస్తుంది. పల్లంలో ఉన్నవాటి మీద నలుపు అలాగే ఉంటుంది. అన్ని మెట్ల మీదా సన్నటి మెరుపు గీత పడేదాకా అదే పని. తరవాత చదునైన నెత్తిని లోతు ఆకురాయితో మళ్లీ గుండ్రం చేస్తారు, నునుపు కాగితాలు ఒకదాని తరవాత ఒకటి మార్చుతూ అద్దంలా తోముతారు. ఈ పనికి ఒక పూట పడుతుంది. తొందరపడి గంటలో ముగిస్తే కొన్న రోజు తెలియదు. తీగలు కిందికి దించుకున్న రోజు ప్రతి మెట్టూ గరగరలాడుతుంది.

తీగలు ఎక్కించాక నెక్‌ని ఒకటి రెండు రోజులు అలాగే వదిలేస్తారు. ఆ తరవాత ఇ తీగని మొదటి మెట్టు దగ్గర ఒక వేలితో, నెక్ బాడీని కలిసే మెట్టు దగ్గర ఇంకో వేలితో నొక్కి, ఏడో మెట్టు నెత్తికీ తీగకీ మధ్య సందు చూస్తారు. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే చాలు. ఎక్కువుంటే రాడ్ పావు తిప్పు బిగించాలి, తక్కువుంటే వదలాలి. పన్నెండో మెట్టు దగ్గర ఇ తీగ ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లు, జి తీగ రెండు. పన్నెండో మెట్టు నొక్కి మీటిన స్వరం, అక్కడే తీగని వేలితో ముట్టుకుని పలికించిన స్వరం కన్నా ఎక్కువ పలికితే బ్రిడ్జ్ మీది బుడిపెని వెనక్కి జరపాలి. లావు తీగ బుడిపె సన్న తీగ బుడిపె కన్నా కొన్ని మిల్లీమీటర్లు వెనక నిలవడం అందుకే.

చేసిచ్చే పనివాడితో ముందే మాట్లాడుకోవలసింది ఇంకొకటి ఉంది: మొదటి వానాకాలం తరవాత బాస్‌ని తిరిగి తెచ్చి చూపించడం. సెప్టెంబరు నాటికి కొయ్య పీల్చుకోవలసినంత తేమ పీల్చుకుంటుంది. విజిటింగ్ కార్డు సందు రెండు కార్డులంత అయి ఉంటుంది, లేదా పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది. తీగలు కొంచెం వదులు చేసి, రాడ్‌ని పావు తిప్పు తిప్పి, మళ్లీ శృతి చేసి, జి తీగని ఐదో మెట్టు నుంచి ఏడో మెట్టు దాకా ఒక్కో స్వరం మీటి, అది పూర్తిగా ఆరిపోయేదాకా వింటారు.